గర్భం పోయిన తరువాత మద్యం గురించి మాట్లాడే చోటు: గుంటూరు కొత్తపేటలోని ఒక కౌన్సెలింగ్ సేవపై సమీక్ష

గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రసూతి క్లినిక్‌లో, గర్భస్రావం జరిగిన తరువాత మళ్లీ బిడ్డ కోసం ప్రయత్నించే దంపతులకు విడిగా సమయం కేటాయించి కౌన్సెలింగ్ ఇస్తున్నారు. మేమిద్దరం ఈ సేవను వినియోగించుకున్నాం. ఆహారం, మందులు, పరీక్షలు వంటివి ఏ ఆసుపత్రిలోనైనా చెబుతారు. మద్యం సంగతిని మాత్రం ఇంత నేరుగా, ఇంత మర్యాదగా, భార్యాభర్తలిద్దరితోనూ మాట్లాడిన చోటు మాకు ఇంతవరకు మరొకటి కనిపించలేదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. సేవలో లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ చెబుతాను.

మాకు తొమ్మిదో వారంలో స్కానింగ్‌లో గుండె చప్పుడు కనిపించలేదని చెప్పారు. ఆ తరువాత మేము తిరిగిన ఓపీల్లో బరువు, బీపీ, థైరాయిడ్, షుగర్ గురించి అడిగారు కానీ, ఇద్దరిలో ఎవరైనా మద్యం తీసుకుంటారా అని ఎవరూ అడగలేదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో ప్రతి పదిమందికి సుమారు ముగ్గురు మద్యం తీసుకుంటుండగా, స్త్రీలలో ఆ సంఖ్య ఒక శాతానికి కూడా చేరదు. స్త్రీ తాగదనే నమ్మకంతో ఆమెను అడగరు, పురుషుడు తాగడం మామూలేననుకుని అతణ్నీ అడగరు. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల నుంచి స్నేహితులతో కలిసినప్పుడు వైన్ తీసుకునే అలవాటు ఉన్న నాలాంటి వారు, అత్తగారు పక్కన కూర్చున్న ఓపీ గదిలో ఆ మాటను తమంతట తాము ఎత్తలేరు.

ఈ క్లినిక్‌లో మొదట చేసిన మంచి పని, ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మాట్లాడటం. వెంట వచ్చిన పెద్దవారిని బయట కూర్చోమని మర్యాదగా చెప్పారు. కౌన్సెలర్‌గా ఉన్న నడివయసు నర్సు గారు, 'తాగుతారా, తాగరా' అని కాకుండా, 'గత మూడు నెలల్లో ఎప్పుడైనా బీరు, వైన్, కల్లు, విస్కీ లాంటివి తీసుకున్నారా అమ్మా? తీసుకుంటే ఎంత, ఎన్నాళ్లకొకసారి?' అని అడిగారు. ప్రశ్నను అలా అడిగినప్పుడు జవాబు చెప్పడం తేలికవుతుంది. నేను చెప్పినది విని ఆమె ముఖంలో ఏ మార్పూ కనిపించలేదు, గొంతులో మందలింపు వినిపించలేదు, నీళ్లు ఎంత తాగుతారో రాసుకున్నట్లే దీన్నీ రాసుకున్నారు.

తరువాత కొలతల గురించి చెప్పారు. ఈ సేవలో నాకు అత్యంత ఉపయోగపడిన భాగం ఇదే కనుక కొంచెం వివరంగా రాస్తాను. 'వారానికి రెండు బీర్లు' అన్నప్పుడు అందులో అసలు ఆల్కహాల్ ఎంత ఉందో మనలో చాలామందికి తెలియదు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్లు లెక్క. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అంటే అలాంటి ఆరు పెగ్గులు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 41 గ్రాములు ఉంటుంది, అంటే అది నాలుగు పెగ్గులతో సమానం. 12 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 14 గ్రాములు, అంటే దాదాపు ఒకటిన్నర పెగ్గు. 'నేను బీరు మాత్రమే తాగుతాను, హాట్ ముట్టుకోను' అనే మాటకు మన ఊళ్లలో ఉన్న గౌరవం ఎంత నిరాధారమో ఈ లెక్క చూస్తేనే అర్థమవుతుంది. ఆదివారం రెండు స్ట్రాంగ్ బీర్లు తాగే మనిషి ఆ ఒక్క పూటలో క్వార్టర్ కంటే ఎక్కువే తాగుతున్నాడని మావారికి అక్కడే తెలిసింది.

ఇక నన్ను నెలల తరబడి వేధించిన ప్రశ్న. గర్భం వచ్చిన సంగతి తెలియక ముందు ఒక పెళ్లి విందులో నేను వైన్ తీసుకున్నాను. అందువల్లే బిడ్డ పోయిందా? డాక్టరమ్మ దీనికి ఇచ్చిన జవాబును ఇక్కడ జాగ్రత్తగా తిరిగి చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్నతో నలిగిపోతున్న స్త్రీలు ఇంకా ఉన్నారని నాకు తెలుసు. నిర్ధారణ అయిన గర్భాల్లో పదికి ఒకటి నుంచి రెండు దాకా గర్భస్రావంతో ముగుస్తాయి, వాటిలో ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే జరుగుతాయి. ఆ తొలి వారాల్లో పోయిన గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. ఆ లోపం ఎక్కువగా అండం, వీర్యకణం తయారయ్యే లేదా కలిసే దశలోనే ఏర్పడుతుంది కనుక, తరువాత తల్లి తిన్నదానితోనూ తాగినదానితోనూ దానికి సంబంధం ఉండదు. ఒక పూట తీసుకున్న ఒక గ్లాసును చూపించి ఫలానా గర్భం పోవడానికి ఇదే కారణమని ఏ డాక్టరూ చెప్పలేరని, అలా చెప్పేవారిని నమ్మవద్దని ఆమె స్పష్టంగా అన్నారు.

ఆమె అక్కడితో ఆగి ఉంటే నాకు ఊరట దొరికేది కానీ సగం నిజమే దక్కేది. గర్భిణిగా ఉన్నప్పుడు మద్యం తీసుకోవడం వల్ల గర్భస్రావం ముప్పు పెరుగుతుందని కూడా ఆమె అంతే స్పష్టంగా చెప్పారు. అనేక అధ్యయనాలను కలిపి 2019లో వెలువడిన ఒక విశ్లేషణలో, వారానికి ఐదు డ్రింకుల లోపు (ఒక డ్రింకు అంటే సుమారు 10 నుంచి 14 గ్రాముల ఆల్కహాల్) తీసుకునే వారిలో సైతం, వారానికి అదనంగా తీసుకునే ప్రతి డ్రింకుకు ముప్పు సుమారు 6 శాతం చొప్పున పెరిగినట్లు తేలింది. ఇది ముప్పు మీద ముప్పు. అంటే నూటికి పదిహేను ఉన్న అవకాశం ఇరవై ఒకటి అవుతుందని కాదు, పదిహేను దాదాపు పదహారు అవుతుందని అర్థం. ఒక స్త్రీని నిందించడానికి ఈ అంకె చాలదు, వచ్చే గర్భంలో మానుకోవాలన్న నిర్ణయానికి మాత్రం చాలు. గడిచిన దానికి నిందను తీసివేస్తూనే రాబోయే దానికి జాగ్రత్తను చెప్పగలగడం చాలా కష్టమైన పని, ఇక్కడ ఆ పని జరుగుతోంది.

మరి ఎప్పటి నుంచి మానాలి? పాజిటివ్ వచ్చాక మానేస్తే సరిపోదా అని నేను అడిగాను. దానికి ఆమె ఒక కాగితం మీద నెల రోజుల గీత గీసి చూపించారు. అండం విడుదలైన ఆరు నుంచి పది రోజులకు పిండం గర్భాశయపు గోడకు అతుక్కుంటుంది. నెలసరి తప్పిన తరువాతే చాలామంది పరీక్ష చేసుకుంటారు. నెలసరి క్రమంగా రాని వారికి, గర్భస్రావం తరువాత క్రమం ఇంకా కుదుటపడని వారికి, ఈ లోపు మరో రెండు మూడు వారాలు గడిచిపోవచ్చు. బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం గర్భధారణ జరిగిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. మద్యం మాయను (తల్లికీ బిడ్డకూ మధ్య ఉండే ప్లాసెంటాను) సులువుగా దాటుతుంది, ఆ మద్యాన్ని విరగ్గొట్టే శక్తి పిండానికి దాదాపు ఉండదు. అందుకే ప్రయత్నం మొదలుపెట్టిన నెల నుంచే పూర్తిగా మానడం మేలని చెబుతారు. బ్రిటన్ ప్రధాన వైద్యాధికారులు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, గర్భిణులతో పాటు గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికీ అసలు తాగకపోవడమే అత్యంత సురక్షితమని చెబుతున్నాయి. ఇంత తాగితే పరవాలేదు అని చెప్పగలిగే హద్దును ఎవరూ కనుక్కోలేకపోయారు కనుకనే ఈ సలహా అంత కచ్చితంగా ఉంది. తల్లి మద్యం వల్ల పుట్టే బిడ్డల్లో ముఖకవళికల్లో, ఎదుగుదలలో, తెలివితేటల్లో కనిపించే లోపాలకు 1973లో అమెరికా వైద్యులు ఒక పేరు పెట్టి వర్ణించినప్పటి నుంచి ఈ విషయం మీద పరిశోధన సాగుతూనే ఉంది.

గర్భస్రావం జరిగిన రెండు వారాలకే మళ్లీ అండం విడుదల కావచ్చన్న సంగతిని కూడా ఇక్కడే మొదటిసారి విన్నాను. ఆరు నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గతంలో చెప్పినా, అంతకంటే ముందే గర్భం వస్తే ఫలితాలు అధ్వానంగా ఉండవని తరువాతి అధ్యయనాలు చూపాయి. ఆరోగ్యం, మనసు కుదుటపడితే ఒక నెలసరి చూసి ప్రయత్నించవచ్చని మాకు చెప్పారు. 'ఇంకా టైముంది కదా, ఈ రెండు నెలలు సరదాగా ఉందాం' అనుకునే జంటలు ఈ మాటను గుర్తుంచుకోవాలి. ఆ రెండు నెలల్లోనే గర్భం రావచ్చు.

మావారితో మాట్లాడిన తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గర్భం పోయినప్పుడల్లా మన ఇళ్లలో ప్రశ్నలన్నీ ఆడవారి వైపే వస్తాయి. ఏం తిన్నావు, ఎక్కడికి తిరిగావు, బండి ఎక్కావా, బరువు ఎత్తావా. భర్త శరీరానికి ఇందులో పాత్ర ఉందన్న ఆలోచనే ఎవరికీ రాదు. వీర్యకణం తయారు కావడానికి సుమారు 72 నుంచి 74 రోజులు పడుతుందని, అది బయటికి వచ్చే దారిలో మరికొన్ని రోజులు గడుస్తాయని, కాబట్టి ఈ రోజు మానేసిన దాని ఫలితం మూడు నెలల తరువాత కనిపిస్తుందని ఆయనకు చెప్పారు. ఎక్కువగా తాగే పురుషుల్లో టెస్టోస్టెరాన్ తగ్గడం, వీర్యకణాల సంఖ్య, కదలిక దెబ్బతినడం జరుగుతాయి. డెన్మార్క్‌లో 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, గర్భం నిలిచిన వారంలో భర్త పది లేదా అంతకు మించి డ్రింకులు తీసుకున్న జంటల్లో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయని కూడా వివరించారు. ఇది సంబంధాన్ని చూపించేదే తప్ప కారణాన్ని రుజువు చేసేది కాదని డాక్టర్ అదనంగా చెప్పడం నాకు నచ్చింది. అయినా మావారికి అంతకంటే బలంగా పనిచేసింది ఇంకొకటి ఉంది. ఇంట్లో ఒకరు గ్లాసు పట్టుకుని కూర్చుంటే రెండోవారు మానడం కష్టమని, ఇద్దరూ కలిసి మానితేనే అది నిలుస్తుందని నర్సు గారు అన్నారు. ఆ మాట విన్నాక ఆయన తన శనివారాల కూటమికి ఫోను చేసి, కొన్నాళ్లు రానని చెప్పేశారు.

అత్తయ్య గారు ప్రేమతో తెచ్చిన సీసాల సంగతి కూడా ఈ గదిలోనే తేలింది. గర్భసంచికి బలమని మన ప్రాంతంలో స్త్రీలకు అశోకారిష్టం, దశమూలారిష్టం ఇవ్వడం పరిపాటి. అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసే మందులు కనుక వాటిలో సహజంగానే ఆల్కహాల్ పుడుతుంది, సీసా మీద ఆ శాతం రాసి ఉంటుంది. సాధారణంగా అది 5 నుంచి 12 శాతం మధ్య ఉంటుంది. పూటకు 30 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు రెండుసార్లు, పది శాతం ఉన్న అరిష్టం తాగితే దాదాపు 5 గ్రాముల ఆల్కహాల్, అంటే రోజూ అర పెగ్గు తీసుకున్నట్లే. బీరు మానేశానని సంతృప్తిపడుతున్న ఇంట్లో ఇది మందు రూపంలో కొనసాగుతూ ఉండవచ్చు. ఆయుర్వేదాన్ని తక్కువ చేయకుండా, గర్భం కోసం ప్రయత్నించే కాలంలో ఈ రకం మందులకు బదులు ఆల్కహాల్ లేనివి ఏమైనా ఉన్నాయేమో ఆయుర్వేద వైద్యుణ్నే అడగమని చెప్పారు. దగ్గు సిరప్పులు, కొన్ని హోమియో చుక్కల మందుల లేబుళ్లు కూడా చదవమన్నారు. అత్తయ్య గారిని లోపలికి పిలిచి, ఆవిడ నొచ్చుకోకుండా ఈ మాట నర్సు గారే చెప్పడం మా ఇంట్లో ఒక పెద్ద తగవును తప్పించింది.

ఆల్కహాల్ లేని బీర్ల గురించి నేను అడిగినప్పుడు, 0.0 అని రాసినవి వేరు, 'నాన్ ఆల్కహాలిక్' అని మాత్రమే రాసినవి వేరు, రెండో రకంలో 0.5 శాతం వరకు ఉండవచ్చు కాబట్టి లేబుల్ చూసుకోమన్నారు.

దుఃఖం గురించి ఒక మాట. గర్భం పోయిన తరువాత నిద్ర పట్టక, మనసు ఆగక, భార్యో భర్తో ఇంతకు ముందుకంటే ఎక్కువ తాగడం జరుగుతుంది. మగవారు ఏడవకూడదనే మన పెంపకంలో, చాలామంది భర్తలకు ఆ దుఃఖం బయటపడే దారి క్వార్టర్ సీసా ఒక్కటే అవుతోంది. మద్యం మొదట నిద్ర తెప్పించినట్లే అనిపించినా రాత్రి రెండో సగంలో నిద్రను చెడగొడుతుందని, దిగులును మరుసటి రోజుకు పెంచుతుందని ఇక్కడ ఓపికగా వివరించారు. ప్రతిరోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారు ఒక్కసారిగా మానేస్తే చేతుల వణుకు, ఫిట్స్ వంటి ప్రమాదాలు రావచ్చు కనుక అలాంటి వారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలని హెచ్చరించారు. మానసిక సహాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416ను, అలవాటు మానడానికి సాయం చేసే 14446ను ఓపీ చీటీ మీదే రాసిచ్చారు.

విందుల్లో ఎలా తప్పించుకోవాలన్న చిన్న విషయాన్ని కూడా వదల్లేదు. ప్రయత్నిస్తున్నామని అందరికీ చెప్పాల్సిన పని లేదు, 'మందులు వాడుతున్నాం, డాక్టర్ వద్దన్నారు' అంటే చాలు, అది అబద్ధమూ కాదు, ఎందుకంటే ఫోలిక్ యాసిడ్ వాడుతూనే ఉంటాం. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, కాఫీ రోజుకు రెండు కప్పులు దాటకుండా చూసుకోవడం, సిగరెట్టు, గుట్కా మానడం వంటివన్నీ చెప్పారు కానీ అవి అన్ని చోట్లా చెప్పేవే.

ఇప్పుడు లోపాలు. ఇచ్చిన కరపత్రం మొత్తం ఇంగ్లీషులో ఉంది. తెనాలి, సత్తెనపల్లి, పొన్నూరు వైపు నుంచి వచ్చే వారికి అది పనికిరాదు, పెగ్గుల లెక్కను చూపించే పట్టికైనా తెలుగులో అచ్చువేయాలి. రెండోది మరింత తీవ్రమైనది. మమ్మల్ని వేర్వేరుగా మాట్లాడించి అంత జాగ్రత్తపడినవారు, చివర్లో మా జవాబులను కంప్యూటర్‌లో ఎక్కించి, ఆ కాగితాన్ని బయటి కౌంటర్‌లో అందరి ముందూ పేరు పిలిచి ఇచ్చారు. అందులో నా మద్యం వివరాలు పైనే అచ్చయి ఉన్నాయి. అక్కడ నిలబడింది మా అత్తయ్య గారు కాబట్టి సరిపోయింది కానీ, మరో ఇంట్లో అదే కాగితం ఒక స్త్రీకి జీవితకాలపు దెప్పిపొడుపుగా మారగలదు. ఈ సంగతిని నేను డాక్టరమ్మకు చెప్పాను, మరుసటిసారి కవరులో పెట్టి ఇచ్చారు. అన్ని కాగితాలకూ అలాగే చేస్తున్నారో లేదో వెళ్లేవారు అడిగి చూసుకోవాలి. మూడోది సమయం. కౌన్సెలింగ్ ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా మాత్రమే ఉంటుంది. మిర్చి యార్డులోనూ దుకాణాల్లోనూ పనిచేసే భర్తలు ఆ సమయానికి రాలేరు, రాకపోతే ఈ సేవలోని సగం ప్రయోజనం పోతుంది. వారానికి ఒక సాయంత్రమైనా తెరిచి ఉంచాలని నా గట్టి అభ్యర్థన.

రుసుము మామూలు ఓపీ కంటే ఎక్కువే, అయినా దాదాపు గంటసేపు మాట్లాడారు కనుక నాకు అది భారమనిపించలేదు. అనవసరమైన పరీక్షలు రాయలేదు. ఒక్క గర్భస్రావానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదని, వరుసగా రెండు మూడు జరిగినప్పుడే లోతుగా వెతుకుతామని చెప్పి, థైరాయిడ్, షుగర్, రక్తపరీక్షలతో ఆపేశారు.

గర్భం పోయిన దంపతులు, ముఖ్యంగా ఇద్దరిలో ఎవరికైనా మద్యం అలవాటు ఉండి ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేకపోతున్నవారు, ఈ సేవను తప్పక ఉపయోగించుకోవచ్చు. వెళ్లేటప్పుడు భర్త కూడా రావాలి, ఇంట్లో వాడుతున్న టానిక్కులు, అరిష్టాల సీసాలు వెంట తీసుకెళ్లాలి, కాగితాలు కవరులో పెట్టి మీ చేతికే ఇవ్వమని ముందే చెప్పాలి. పేరు ఒకరోజు ముందుగా ఫోనులో రాయించుకుంటే విడి గది దొరుకుతుంది, రాయించుకోకుండా వెళ్తే మామూలు ఓపీ వరుసలోనే కూర్చోవలసి వస్తుంది.